పద్దెనిమిది నిండబోయే పిల్లోడికి అరవై లక్షల కారు: కొనమంటారా, వద్దంటారా?

చిత్తూరు_గ్రానైట్
మా వాడికి వచ్చే నెలలో పద్దెనిమిది నిండుతాయి. ఇంటర్ అయిపోయింది, చెన్నైలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. సీటొస్తే నువ్వడిగిన కారు కొనిస్తా అని మా మామగారు రెండేళ్ళ క్రితమే మాటిచ్చేశారు. ఇప్పుడు వాడడిగేది జర్మనీ కారు, రోడ్డు మీదికొచ్చేసరికి అరవై లక్షలు దాటుతుంది. డబ్బుకు ఇబ్బంది లేదు, దాచి చెప్పడం ఎందుకు, చిత్తూరు దగ్గర క్వారీ ఉంది, తిరుపతిలో రెండు కాంప్లెక్సులు అద్దెకిచ్చాం. ఇబ్బందంతా ఇంట్లోనే. నా భార్య వద్దే వద్దంటోంది. మామగారు మాకు చెప్పకుండా అడ్వాన్సు కట్టి వచ్చేశారు. నాలుగు రోజులుగా అన్నం దగ్గర కంచాల చప్పుడు తప్ప మాట లేదు. వాడు బాగా నడుపుతాడు, ఏడాదిగా చేతిలో బండి ఉంది. ఇలాంటిది మీ ఇళ్ళల్లో జరిగుంటే చెప్పండి. కొనాలా, వద్దా?

పాకాల_పిల్లోడు
ఏం కారన్నా? ముందు మోడల్ చెప్పండి, ఫొటో పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

కపిలతీర్థం_అక్క
మోడల్ తర్వాత తమ్ముడూ. పద్దెనిమిది వచ్చే నెల నిండుతాయంటున్నారు, ఏడాదిగా నడుపుతున్నాడంటున్నారు. అంటే పదిహేడేళ్ళకే తాళం ఇచ్చారా?

చిత్తూరు_గ్రానైట్
దగ్గర దగ్గరే అక్కా. అన్నమయ్య సర్కిల్ నుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు, అంతే. రాత్రిపూట ట్రాఫిక్ లేనప్పుడు. పక్కన మా డ్రైవర్ ఉంటాడు. అందరి ఇళ్ళల్లో జరిగేదే కదా.

బంగారుపాళ్యం_బాస్
కొనండి అన్నా. మీ డబ్బు, మీ కొడుకు. కష్టపడి సంపాదించింది ఎవరికోసం? మనం ఆర్టీసీ బస్సుల్లో వేలాడి చదువుకున్నామని వాళ్ళూ వేలాడాలా? ఈ ఊళ్ళో ఒకడు బాగుపడితే పదిమందికి కడుపుమంట.

బీమా_బాబాయి
నేను ముప్పై ఏళ్ళుగా బండ్ల ఇన్సూరెన్స్ పని చేస్తున్నాను. కొనాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడదాం. "అందరి ఇళ్ళల్లో జరిగేదే" అన్నారే, దాని గురించి ముందు వినండి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 199ఏ అనే సెక్షన్ చేర్చారు. పద్దెనిమిది నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే, ఆ నేరం తల్లిదండ్రులదో బండి యజమానిదో అని లెక్క. మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లోడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. నాకు తెలియకుండా తీసుకెళ్ళాడు అని మీరు నిరూపించుకుంటేనే బయటపడతారు. మీరేమో డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టి మరీ పంపుతున్నారు.

కారుకు ఎల్ఎల్ఆర్, అదే లెర్నింగ్ లైసెన్సు, అది కూడా పద్దెనిమిది నిండాకే ఇస్తారు. కాబట్టి డ్రైవర్ పక్కన ఉన్నాడన్న మాట చెల్లదు. ఇక ఇన్సూరెన్స్ సంగతి. లైసెన్సు లేనివాడు నడిపితే మీ కారు డ్యామేజీకి పైసా రాదు. ఎదుటివాడు చనిపోతే కంపెనీ ఆ కుటుంబానికి కట్టినా, కట్టిన సొమ్మంతా తిరిగి మీ దగ్గరే వసూలు చేసుకుంటుంది. అరవై లక్షల కారైనా అంతే, ఆరు లక్షల కారైనా అంతే.

ఈ రాత్రి నుంచే తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. నెల రోజులే కదా.

రేణిగుంట_రైడర్
పుణె కేసు గుర్తులేదా ఎవరికీ? 2024 మే. పదిహేడేళ్ళ పిల్లోడు, కోటి దాటిన కారు, బైకు మీద వెళ్తున్న ఇద్దరు ఇంజనీర్లు పోయారు. మూడు వందల పదాల వ్యాసం రాయమని బెయిలిచ్చారని దేశమంతా గోల. తర్వాత తండ్రి కూడా అరెస్టయ్యాడు.

బంగారుపాళ్యం_బాస్
అది తాగి నడిపిన కేసు. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించకండి. గ్రానైట్ అన్న కొడుకు తాగుతాడని ఎవరన్నారు?

కపిలతీర్థం_అక్క
తాగుతాడని ఎవరూ అనలేదు. పదిహేడేళ్ళ చేతికి తాళం ఇచ్చింది ఎవరు అన్నదే అక్కడా ఇక్కడా ప్రశ్న.

చిత్తూరు_గ్రానైట్
బీమా బాబాయి గారూ, ఇరవై ఐదేళ్ళ దాకా లైసెన్సు ఇవ్వరన్నది నాకు నిజంగా తెలియదు. తాళాలు బీరువాలో పెట్టేశాను. వాడి మొహం మాడిపోయింది, తలుపేసుకున్నాడు. సరే. ఇప్పుడు అసలు ప్రశ్నకు రండి. పద్దెనిమిది నిండి, లైసెన్సు వచ్చాకే కొంటాననుకోండి. అప్పుడు?

పాకాల_పిల్లోడు
అప్పుడు కొనేయండన్నా. పెద్ద కారు అంటే సేఫ్టీ కూడా. ఏడెనిమిది ఎయిర్‌బ్యాగులు, దానంతట అదే బ్రేకు వేసే సిస్టమ్, అన్నీ ఉంటాయి. చిన్న కారులో రేకు డబ్బా లాగా నలిగిపోయేకంటే నయం కదా. మా నాన్న ఇదే మాట మీద నన్ను బైకు కొననివ్వలేదు, నాకు మాత్రం కారూ రాలేదు, బైకూ రాలేదు.

నైట్‌డ్యూటీ_నర్స్
సేఫ్టీ అన్నారు కాబట్టి రాస్తున్నాను. తిరుపతిలోనే ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో పదకొండేళ్ళుగా చేస్తున్నాను.

రెండేళ్ళ క్రితం తెల్లవారుజామున నాలుగున్నరకు రెండు స్ట్రెచర్లు ఒకేసారి వచ్చాయి. ఒకదాని మీద పంతొమ్మిదేళ్ళ అబ్బాయి. పెద్ద కారు, ఎయిర్‌బ్యాగులన్నీ తెరుచుకున్నాయి. ముక్కు మీద కమిలింది, మణికట్టు విరిగింది, అంతే. కుడిచేతి పిడికిలి బిగించి ఉన్నాడు, తెరవడం లేదు. డ్రిప్ పెట్టాలి, చెయ్యి ఇవ్వు నాయనా అని నేను ఒక్కో వేలూ తీస్తే లోపల కారు తాళం ఉంది. రెండో స్ట్రెచర్ మీద టీవీఎస్ మోపెడ్ మీద మార్కెట్ నుంచి పూలు తెచ్చుకుంటున్న ఆయన. చొక్కాకు, జుట్టుకు, దుప్పటికి చామంతులు అంటుకుని ఉన్నాయి. డాక్టర్ గారు టైము రాయించాక ఆ పూలు ఏరి పక్కన పెట్టింది నేనే, వాళ్ళ ఇంట్లోవాళ్ళు వచ్చేలోపు.

కారు లోపలివాళ్ళను కాపాడింది, నిజమే. ఎయిర్‌బ్యాగు బయటివాడికి ఉండదు. కార్ల సేఫ్టీకి ఇచ్చే స్టార్ రేటింగ్ చూసే ప్రతిసారీ నాకు ఆ మోపెడ్ గుర్తొస్తుంది.

బంగారుపాళ్యం_బాస్
అక్కా, చదివి మనసు బాగాలేదు. అయినా అడుగుతున్నా, అదే అబ్బాయి పాత మారుతి నడిపి గుద్దినా ఆయన బతికేవాడు కాదు కదా? తప్పు కారుదా, నడిపినవాడిదా?

ఘాట్_డ్రైవర్
నడిపినవాడిదే బాస్. కానీ బండి కూడా మనిషిని మారుస్తుంది, ఇది ఇరవై రెండేళ్ళు తిరుమల కొండ ఎక్కి దిగిన అనుభవంతో చెప్తున్నా. టాక్సీ నడుపుతాను, ఇప్పటికి నాలుగు బండ్లు మారాయి.

చిన్న కారుకు ఎనభై, తొంభై హార్స్‌పవర్. వీళ్ళడిగే కార్లకు రెండు వందలు దాటుతుంది. ఏడెనిమిది సెకన్లలో వంద అందుకుంటాయి. లోపల చప్పుడుండదు, కుదుపు ఉండదు. మా బండిలో ఎనభై దాటితే డోరు, అద్దం, సీటు అన్నీ మాట్లాడతాయి, భయం దానంతట అదే వస్తుంది. ఆ కార్లలో నూట ఇరవై మీద కూడా ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టుంటుంది. వంద స్పీడులో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. ఫోన్లో మెసేజ్ ఎవరిదా అని రెండు సెకన్లు చూస్తే, కళ్ళు మూసుకుని 55 మీటర్లు పోయినట్టు. ఆటోమేటిక్ కాబట్టి ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఖాళీ. పద్దెనిమిదేళ్ళవాడి ఖాళీ చెయ్యి ఎక్కడికి పోతుంది? ఫోను మీదికే.

కొండ సంగతి ఇంకోటి. కిందికి దిగే దారి 1944 నాటి పాత ఘాట్. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కంటే ముందు రాకూడదని రూలు పెట్టింది ఊరికే కాదు. దిగేటప్పుడు బండిని సెకండులోనో థర్డులోనో పెట్టి ఇంజనుతో ఆపుకోవాలి, బ్రేకుతో కాదు. ఆటోమేటిక్ కుర్రాళ్ళకు ఇది ఎవరూ చెప్పరు, గేర్ లివరు డీ (డ్రైవ్) లో పెట్టేసి మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ వస్తారు. ఏడో మైలు దగ్గర ఎన్నిసార్లు చూశానో. పక్కకు ఆపుకుని, చక్రాల దగ్గర పొగ, రబ్బరు కాలిన కంపు, కారేమో తళతళలాడుతూ. నీళ్ళు పోయబోతుంటే వద్దని పరిగెత్తుకెళ్ళి ఆపాను ఒకసారి, వేడి డిస్కు మీద చల్లనీళ్ళు పడితే అది వంకర పోతుంది. వాళ్ళకు అది కూడా తెలియదు. తప్పు పిల్లలదని నేననను. చెప్పాల్సినవాళ్ళు తాళం ఇచ్చి ఊరుకున్నారు.

పాకాల_పిల్లోడు
అన్నా, మొన్న మా ఫ్రెండు వాళ్ళ కారులో దిగేటప్పుడు సరిగ్గా ఇదే కంపు వచ్చింది. మేము పక్కన లారీది అనుకున్నాం.

ఘాట్_డ్రైవర్
మీదే నాయనా. ఈసారి గేర్ లివరు పక్కన ఎమ్ అనో ఎల్ అనో ఉంటుంది, అందులో పెట్టమను.

దామలచెరువు_మండీ
మాది మామిడి వ్యాపారం. మా పెద్దోడు కూడా ఇలాగే పెద్ద కారు అడిగాడు, ఐదేళ్ళ క్రితం. కొంటాను, ముందు సీజన్ అంతా టాటా ఏస్ నడుపు అన్నాను. లైసెన్సు తీసుకుని జూన్, జూలై రెండు నెలలు తోటల నుంచి మండీకి, మండీ నుంచి పల్ప్ ఫ్యాక్టరీకి తోతాపురి లోడు తోలాడు. ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో రాత్రంతా బండిలోనే పడుకున్నాడు. లోడుతో బండి ఎంత దూరంలో ఆగుతుందో, గుంతలో దిగితే కాయ ఎంత నలుగుతుందో వాడికి తెలిసింది. సీజన్ అయ్యాక అడిగాను, ఏ కారురా అని. మనకు డిక్కీ పెద్దగా ఉన్నది కావాలి నాయనా అన్నాడు. పదకొండు లక్షల్లో అయిపోయింది.

ఎంఆర్‌పల్లి_అమ్మ
మీ కథ బాగుంది అన్నా, కానీ గ్రానైట్ వాళ్ళబ్బాయి చెన్నైకి చదువుకోవడానికి పోతున్నాడు, టాటా ఏస్ ఎక్కడ తోలతాడు? పుట్టినప్పటి నుంచి పెద్ద కార్లలో తిప్పి, అడిగిందల్లా కొనిచ్చి, పద్దెనిమిదేళ్ళకు హఠాత్తుగా డబ్బు విలువ నేర్పుతామంటే పిల్లలకు అది నాటకంలాగే కనిపిస్తుంది. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. మా వాడు నా మొహం మీదే అన్నాడు, నువ్వు పోయిన నెల కొన్న గాజుల మీద నాకెవరూ పాఠం చెప్పలేదు కదమ్మా అని. నాకు జవాబు లేదు. విలువలు నేర్పే సంగతి పక్కన పెట్టండి. భయంగా ఉంది, అందుకే కొనను అని నిజం చెప్పండి. నేను చివరికి అదే చెప్పాను. వాడికి అది అర్థమైంది.

రేణిగుంట_రైడర్
ఇంతసేపూ రాయాలా వద్దా అనుకుంటూ ఉన్నాను. ఆ కారు వచ్చిన కొడుకుని నేను. పంతొమ్మిదికి నాన్న కొనిచ్చారు, ఇప్పుడు నాకు ఇరవై నాలుగు.

మొదటి నెల పండగే. తర్వాత మొదలైంది. కాలేజీలో నా పేరు పోయింది, కారు పేరే నా పేరు. ఎవడికి ఎయిర్‌పోర్టు డ్రాప్ కావాలన్నా, ఎవడి అన్న పెళ్ళైనా ఫోను నాకే. రానంటే పొగరు అంటారు. లోపల నలుగురు ఎక్కి తొక్కరా, తొక్కు అంటుంటే నెమ్మదిగా పోవడానికి చాలా ధైర్యం కావాలి, నాకు ఆ వయసులో అది లేదు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఒకసారి హాస్టల్ బయట ఎవరో డోరు మీద నాణెంతో గీత గీశారు, హెడ్‌లైటు నుంచి వెనక చక్రం దాకా. నాన్నకు చెప్పలేక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ గీతకు చెన్నైలో చెప్పిన రేటు మా రూమ్మేట్ ఏడాది ఫీజుకు దగ్గరగా ఉంది. ఆ అంకె వాడి ముందే ఫోన్లో వినాల్సి వచ్చింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఏదో తేడా వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

ఎవరూ నన్ను అడగలేదు, నీకు ఇది ఎలా ఉంది అని. నేను అడిగి తెచ్చుకున్నది కాబట్టి బాలేదని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. రెండేళ్ళకు అమ్మేశాం.

గ్రానైట్ అంకుల్, మీ అబ్బాయిని అడగండి. కారు ఎందుకు కావాలి అని కాదు. మొదటి రోజు ఎవరిని ఎక్కించుకుని ఎక్కడికి పోతావు అని అడగండి.

బీమా_బాబాయి
నష్టం లెక్క కూడా చెప్పేస్తాను. ఇన్సూరెన్స్‌లో కారు విలువ ఏడాది దాటగానే 20 శాతం తగ్గించి రాస్తారు. మూడేళ్ళు దాటితే 40 శాతం. ఒక్క ట్యాక్సులే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 18, పెద్దవాటికి 40 శాతం. పిల్లోడి చదువయ్యేసరికి అరవైలో ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. ఉన్నవాళ్ళకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు, తెలిసి పోగొట్టుకోండి అంటున్నా.

తిరుచానూరు_టీచర్
అందరూ కొడుకు, కొడుకు అంటున్నారు. గ్రానైట్ గారూ, మీకు ఇంకా పిల్లలున్నారా?

చిత్తూరు_గ్రానైట్
ఉంది మేడమ్, పెద్దది అమ్మాయి. 21. ఇక్కడే ఎంబీబీఎస్ మూడో సంవత్సరం.

తిరుచానూరు_టీచర్
సీటొచ్చినప్పుడు ఆమెకు ఏం కొన్నారు?

చిత్తూరు_గ్రానైట్
స్కూటీ ఉంది.

తిరుచానూరు_టీచర్
కొన్నారా, ఉందా?

చిత్తూరు_గ్రానైట్
మా చెల్లెలు వాడినది. ఆమె బెంగళూరు పోతూ ఇచ్చింది.

కపిలతీర్థం_అక్క
...

పాకాల_పిల్లోడు
టీచర్‌తో పెట్టుకోకూడదు, ఎక్కడైనా అంతే.

తిరుచానూరు_టీచర్
ఎవరినీ నిలదీయాలని కాదు బాబూ. పాతికేళ్ళుగా ఇంటర్ పిల్లలకు చెప్తున్నాను. ఎంసెట్ ర్యాంకు తెచ్చిన అమ్మాయికి గొలుసు చేయించి అది తల్లి బీరువాలో పెడతారు, అత్తెసరు మార్కుల అబ్బాయికి బుల్లెట్టు. ఒక్కో ఇంట్లో ఇద్దరూ నా క్లాసులోనే చదివారు కాబట్టి నాకు తెలుసు. కారు మంచిదా చెడ్డదా అని రెండు రోజులుగా ఇంతమంది వాదించుకుంటున్నారు. ఆ ఇంట్లో లైసెన్సు వయసు దాటిన పిల్ల ఒకతి ఉందని ఎవరికీ తోచలేదు. లైసెన్సు ఉందా ఆమెకు?

చిత్తూరు_గ్రానైట్
ఉంది. మూడేళ్ళయింది. మా ఇంటి స్విఫ్ట్ బాగా నడుపుతుంది. వాళ్ళమ్మను కాణిపాకం తీసుకెళ్ళేది ఆమే. మేడమ్, మీరు అడిగేదాకా నేను ఇలా ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు. ఇంట్లో మాట్లాడి వచ్చి రాస్తాను.

బంగారుపాళ్యం_బాస్
నా మాట నేను వెనక్కి తీసుకోను. ఉన్నవాడు కొనుక్కుంటాడు, అందులో పాపం లేదు. కానీ టీచర్ గారు అడిగినదానికి మాత్రం నా దగ్గర కూడా జవాబు లేదు. నాకూ ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లోడు.

చిత్తూరు_గ్రానైట్
ఆరు వారాలైంది, మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

రైడర్ చెప్పినట్టే మా వాడిని అడిగాను, మొదటి రోజు ఎవరిని ఎక్కించుకుంటావని. టక్కున నలుగురి పేర్లు చెప్పాడు. ఇంట్లోవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. కాసేపాగి వాడే తల దించుకున్నాడు. నేనేమీ అనలేదు. భయంగా ఉందిరా, అందుకే కొనను అని మాత్రం చెప్పాను, ఎంఆర్‌పల్లి అమ్మగారు చెప్పిన మాటే. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు భోజనానికి వచ్చాడు.

కష్టమంతా మామగారితోనే. ఇచ్చిన మాట పోతుందని ఆయన పట్టు. ఒక ఆదివారం మా అమ్మాయి ఆయన్ని చిత్తూరులో కంటి పరీక్షకు తీసుకెళ్ళింది, స్విఫ్ట్‌లో. వచ్చేటప్పుడు పూతలపట్టు దగ్గర వాన, ముందు లారీ లైట్లు తప్ప ఏమీ కనపడలేదట. పక్కకు ఆపి, నాలుగు ఇండికేటర్లు వేసి, వాన తగ్గేదాకా ఇరవై నిమిషాలు కదల్లేదట. తాత తొందర పెడితే కూడా కదల్లేదట. ఇంటికొచ్చి ఆయన అడిగిన మొదటి మాట, ఆ స్కూటీ ఎన్నేళ్ళదమ్మా అని. తొమ్మిదేళ్ళది తాతా అంది. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. మర్నాడు తనే ఫోను చేసి అడ్వాన్సు వెనక్కి ఇమ్మన్నారు. కొంత కోసుకున్నారు, పోనీ.

కొత్త కారు తీసుకున్నాం. ఐదు స్టార్లున్న చిన్నది, గేర్లది, అమ్మాయి పేరు మీద. వాడికి పద్దెనిమిది నిండిన వారానికి ఎల్ఎల్ఆర్ వచ్చింది. చెన్నై పోయేదాకా ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టుకుని అక్క పక్కన కూర్చుంటే పేరూరు వైపు ఖాళీ లేఔట్‌లో నేర్చుకున్నాడు. ఏడాదిగా నడుపుతున్నాడని మీ అందరికీ గొప్పగా చెప్పాను కదా, అది ఆటోమేటిక్. క్లచ్ మీద మొదటి రోజు తొమ్మిదిసార్లు ఆపేశాడు. ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. అద్దం చూడు, మళ్ళీ స్టార్ట్ చెయ్యి అంటూనే ఉంది. నేను వెనక సీట్లో ఉన్నాను.

తిరుచానూరు_టీచర్
అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

రేణిగుంట_రైడర్
అంకుల్, చెన్నైలో హాస్టల్ కష్టాలేవైనా ఉంటే వాడికి నా నంబరు ఇస్తాను, విడిగా మెసేజ్ పెట్టండి.

పాకాల_పిల్లోడు
చివరికి మోడల్ మాత్రం చెప్పలేదన్నా.

ఘాట్_డ్రైవర్
అన్నా, సెలవులకు వచ్చి పర్మనెంట్ లైసెన్సు తీసుకున్నాక, మొదటిసారి కొండకు పోయే రోజు నాకు చెప్పండి. ముందు సీట్లో నేను కూర్చుంటా. దిగేది పొద్దున ఎండొచ్చాక పెట్టుకుందాం, మంచు ఉండదు.

చిత్తూరు_గ్రానైట్
తప్పకుండా అన్నా. దిగేటప్పుడు సగం దారి తను నడుపుతానంటోంది అమ్మాయి. ఇద్దరికీ చెప్పాలి మీరు.